పద్యంలో సూర్యుడి పైన చంద్రుడు: పిల్లాడికి ఏం చెప్పాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది వనపర్తి. మా మామగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. రాత్రి అన్నాలయ్యాక భాగవతం చదివి మనవడికి అర్థం చెప్పడం ఆయనకు ఏళ్లుగా అలవాటు. మా బాబు తొమ్మిదో తరగతి. మొన్న వామనావతారం నడుస్తోంది. "ఇంతింతై వటుడింతయై" పద్యం చదివి, వామనుడు మబ్బులు దాటాడు, సూర్యుణ్ణి దాటాడు, ఆపైన చంద్రుణ్ణి దాటాడు, ధ్రువుణ్ణి దాటాడు అని మామగారు చెబుతుంటే మావాడు అడ్డం తగిలాడు. "తాతా, తప్పు. చంద్రుడు దగ్గర, సూర్యుడు దూరం" అన్నాడు. ఆయన పంచమ స్కంధం తీసి చూపించారు. సూర్యుడికి లక్ష యోజనాల పైన చంద్రుడు అని అక్కడ స్పష్టంగానే ఉంది. "అయితే ఈ పుస్తకం మొత్తం అబద్ధమే" అనేశాడు వాడు. మామగారు పుస్తకం మూసి లేచి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి మళ్లీ తెరవలేదు. మా ఆయన సర్దిచెబుదామని, హనుమాన్ చాలీసాలో సూర్యుడి దూరం సరిగ్గా లెక్కతో సహా ఉందని వాట్సాప్‌లో వచ్చింది వాడికి చూపించారు. వాడు కాసేపు లెక్కలు వేసి అదీ తప్పేనన్నాడు. ఇప్పుడు ముగ్గురూ మూడు గదుల్లో ఉంటున్నారు, ఇల్లంతా టెన్షన్‌గా ఉంది. వాడికి నేనేం చెప్పాలి? మామగారికి ఏం చెప్పాలి? వాడి చేత క్షమాపణ చెప్పించాలా?

జవాబు: అమ్మా, ముందు తేల్చాల్సింది తేల్చేద్దాం. దూరాల విషయంలో మీవాడు అన్నదే నిజం. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సూర్యుడు ఇంచుమించు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఇది తెలుసుకోవడానికి టెలిస్కోపు కూడా అక్కర్లేదు. సూర్యగ్రహణం పట్టినప్పుడు చంద్రుడు వచ్చి సూర్యుడికి అడ్డం నిలబడతాడు. వెనకున్నది ముందున్నదానికి అడ్డం రాదు కదా. నెలవంక కూడా ఇదే సాక్ష్యం చెబుతుంది. చంద్రుడు సూర్యుడికి అవతల ఎక్కడో ఉంటే, ఎండ పడే ముఖం ఇంచుమించు ఎప్పుడూ మనవైపే ఉండేది. మనకు విదియ చంద్రుడూ ఉండేవాడు కాదు, అష్టమి చంద్రుడూ ఉండేవాడు కాదు.

కాబట్టి ఈ ఒక్క విషయంలో వాణ్ణి వెనక్కి తగ్గమనకండి. "తాత బాధపడుతున్నారు, ఆయన చెప్పిందే రైటు అనెయ్" అని మీరంటే, వాడు పైకి సరేనంటాడు. లోపల మాత్రం పెద్దవాళ్లు నిజం కంటే మర్యాదకే ఎక్కువ విలువ ఇస్తారని తీర్మానించుకుంటాడు. తొమ్మిదో తరగతి పిల్లాడిలో అలాంటి తీర్మానం గట్టిపడితే ఇక మార్చడం కష్టం.

వాడు తడబడింది రెండో మాట దగ్గర. ఒక దూరం తప్పని తేలింది, అది నిజం. దాంతో పుస్తకం మొత్తం అబద్ధమైపోయిందా? ఆ నిర్ణయానికి రావాలంటే ఆ పుస్తకం ఆ సంగతి ఎందుకు చెప్పిందో ముందు చూడాలి. వాడు చూడలేదు. పేజీ తీసి చూపించిన మామగారు కూడా ఆ లెక్క దగ్గరే ఆగిపోయి, దానికి ముందున్న సంభాషణ చూపించలేదనుకుంటాను.

పంచమ స్కంధంలో భూగోళం, ఖగోళం వర్ణించే ఘట్టం పరీక్షిత్తు అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది. పరీక్షిత్తు ఎవరో, ఎక్కడ కూర్చుని వింటున్నాడో మీవాడికి గుర్తుచేయండి. శాపం తగిలింది, ఏడు రోజుల్లో ప్రాణం పోతుంది. గంగ ఒడ్డున అన్నపానాలు మాని కూర్చున్నాడు. ఆ స్థితిలో ఉన్న మనిషికి చంద్రుడు ఎన్ని యోజనాల దూరంలో ఉంటే ఏం, లేకపోతే ఏం? ఆయన అడగడంలోనే కారణం చెప్పాడు. భగవంతుడి స్థూలరూపం మీద మనసు నిలిస్తే, ఆ మనసే తర్వాత సూక్ష్మరూపం మీద నిలవగలుగుతుంది, అందుకని ఈ విశ్వాన్ని వర్ణించి చెప్పమన్నాడు. శుకుడు జవాబు మొదలుపెడుతూ అన్న మాట ఇంకా ముఖ్యమైనది. దేవతలంత ఆయుష్షు ఉన్నా సరే, మనసుతో గానీ మాటతో గానీ దీని అంతు చూడటం ఎవరి తరమూ కాదు, కనుక ముఖ్యమైనవి మాత్రం చెబుతాను అన్నాడు. ఆపైన నక్షత్రాలన్నిటినీ కలిపి శింశుమార చక్రంగా, తోక చివర ధ్రువుడు ఉన్న ఒక జలచరం ఆకారంగా వర్ణించేచోట, యోగధారణ కోసం కొందరు ఇలా వర్ణిస్తారని మూలంలోనే ఉంది. అంటే కళ్లు మూసుకుని ఆకాశమంతటినీ ఒకే రూపంగా మనసులో నిలుపుకోవడానికి పనికొచ్చే బొమ్మ అది. దీన్ని నేను ఇప్పటి అవసరం కోసం కల్పించి చెప్పడం లేదు. పుస్తకమే తన ఉద్దేశం చెప్పుకుంది.

ఇక ఆ దూరాలు. చంద్రుడికి పైన నక్షత్రాలు, వాటి పైన శుక్రుడు, ఆ పైన బుధుడు, కుజుడు, గురుడు, శని, శనికి 11 లక్షల యోజనాల పైన సప్తర్షులు, సప్తర్షులకు 13 లక్షల యోజనాల పైన ధ్రువుడు అని భాగవతం చెబుతుంది. మామగారి దగ్గర విష్ణుపురాణం కూడా ఉంటే రెండో అంశం తీసి పక్కన పెట్టి చూడమనండి. అక్కడ ముందు బుధుడు, ఆ తర్వాత శుక్రుడు. శని నుంచి సప్తర్షులకు ఒక్క లక్ష, సప్తర్షుల నుంచి ధ్రువుడికి ఒక్క లక్ష. ఈ రెండు పురాణాలనూ మన పెద్దలు తరతరాలుగా ఒకే అరలో పెట్టుకుని పారాయణ చేశారు. ఈ లెక్కలు కొలతల కోసమే అయితే, ఏది సరైనదో తేల్చుకోకుండా ఇన్ని వందల ఏళ్లు ఊరుకునేవాళ్లు కారు.

అయితే సూర్యుడి పైన చంద్రుడు అనే వరస ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు తోచింది చెబుతాను. ఛాందోగ్యోపనిషత్తులో దేవయానం గురించి ఉంది. దేహం విడిచిన జీవుడు సంవత్సరం నుంచి ఆదిత్యుణ్ణి చేరతాడు, ఆదిత్యుడి నుంచి చంద్రుణ్ణి, చంద్రుడి నుంచి మెరుపును చేరతాడు, అక్కణ్ణుంచి బ్రహ్మలోకానికి దారి. బృహదారణ్యకంలోనూ సూర్యుడు దాటాకే చంద్రుడు. ఇది జీవుడు ఎక్కే మెట్ల వరస. వేడిని దాటి చల్లదనానికి, అక్కణ్ణుంచి దుఃఖం లేని చోటికి వెళ్లే దారి. పురాణాల వరసకు మూలం ఈ పాత దారిలోనే ఉందని నా నమ్మకం. పోతన పద్యం కూడా ఆ దారినే ఎక్కుతుంది. నభోవీధి, మబ్బులు, ప్రభారాశి అంటే సూర్యుడు, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. చివరి రెంటికీ కిలోమీటర్లు ఎవరు చెప్పగలరు?

ఇంకొకటి. ఆ పంచమ స్కంధంలో ఉన్నదంతా ధ్యానమే అనుకుని పక్కన పెట్టేయకండి. కళ్లు విప్పి ఆకాశాన్ని చూసినవాళ్ల మాటలు కూడా అక్కడ ఉన్నాయి. సూర్యుడు మేష, తులా రాశుల్లో ఉన్నప్పుడు పగలూ రాత్రీ సమానం, వృషభం నుంచి ఐదు రాశుల్లో పగళ్లు పెద్దవి అని చెబుతుంది. సూర్యుడు రోజూ తూర్పు నుంచి పడమటికి పోతున్నాడు, కానీ నక్షత్రాల మధ్య నెలనెలా పడమటి నుంచి తూర్పుకు జరుగుతున్నాడు, ఈ రెండు గతులూ ఎలా కుదురుతాయి అని రాజు అడిగితే, శుకుడు కుమ్మరి సారె చూపించాడు. సారె ఒకవైపు గిర్రున తిరుగుతుంటుంది, దాని మీద పాకే చీమ ఇంకోవైపు నడుస్తుంటుంది. మీవాడికి సైన్సు చదవడం ఇష్టమైతే ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆ పుస్తకం రాసినవాళ్లు మూర్ఖులు కారని తెలుసుకోవడానికి. ఈ పంచమ స్కంధాన్ని తెలుగు చేసింది పోతన కాదు, గంగన. అది మామగారికి ఎలాగూ తెలుసు, మీవాడికి చెప్పమనండి.

ఇప్పుడు మామగారి సంగతి. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మనవడు పుస్తకాన్ని అన్న మాట ఆయనకు తన జీవితాన్ని అన్నట్టే తగిలింది. కానీ చంద్రుడు దగ్గరున్నాడని అన్నందుకు ధర్మానికి ఏదో అపచారం జరిగిందని ఆయన అనుకుంటే మాత్రం, ఆ మాట మీవాడి కంటే చాలా ముందే మన పండితులే అన్నారని గుర్తుచేయాలి. అదీ దాచుకుని కాదు, శ్లోకాలు కట్టి మరీ అన్నారు.

వరాహమిహిరుడు బృహత్సంహితలో చంద్రుడి గురించిన అధ్యాయం మొదలుపెట్టడమే, ఎప్పుడూ సూర్యుడికి కిందనే ఉండే చంద్రుడికి సగభాగం సూర్యకాంతితో తెల్లబడుతుంది అని మొదలుపెట్టాడు. పైన అన్న పురాణానికి ఎదురుగా కింద అని నేరుగా రాశాడు. ఆ పుస్తకం మొదటి శ్లోకం ఏమిటో తెలుసా? సూర్యస్తుతి. ఆయన కంటే ముందు ఆర్యభటుడు 499లో, చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడు, పెద్దదైన భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుంది అని గ్రహణాల సంగతి సగం శ్లోకంలో తేల్చేశాడు. ఆయన గ్రంథం కూడా పరబ్రహ్మకు నమస్కారంతోనే మొదలవుతుంది. పురాణంలో జంబూద్వీపం వెడల్పు లక్ష యోజనాలు, దాని నడుమ మేరువు లక్ష యోజనాల ఎత్తు, అందులో 84 వేలు నేల పైన. ఆర్యభటుడు భూమి మొత్తానికే 1,050 యోజనాల వ్యాసం ఇచ్చాడు. అంత చిన్న భూమి మీద అంత పెద్ద మేరువు ఎక్కడ పడుతుంది? ఆయన మేరువును కాదనలేదు. నందనవనం మధ్యలో, రత్నమయంగా, హిమాలయం చుట్టూ ఉండగా అలాగే ఉంచి, ఎత్తు మాత్రం ఒక్క యోజనానికి తగ్గించాడు. ఈ పని నాకు చాలా నచ్చుతుంది. పేరు పోలేదు, గౌరవం పోలేదు, కొలత మాత్రం మారింది.

భాస్కరాచార్యుడు 1150లో ఇంకా గట్టిగా నిలదీశాడు. భూమి అద్దంలా చదునుగా ఉంటే, పైన దూరంగా తిరిగే సూర్యుడు దేవతలకు కనబడినట్టు మనుషులకు ఎప్పుడూ ఎందుకు కనబడడు? మేరువు అడ్డం రావడం వల్లనే రాత్రి అవుతుంటే, మధ్యలో ఉన్న ఆ బంగారు కొండ మనకు ఎందుకు కనబడదు? మేరువు ఉత్తరాన ఉంటే, సూర్యుడు దక్షిణం వైపు జరిగి ఎలా ఉదయిస్తున్నాడు? మరి భూమి చదునుగా కనిపిస్తోందేమంటే, చుట్టుకొలతలో నూరోవంతు చదునుగానే కనిపిస్తుంది, భూమి చాలా పెద్దది, మనిషి చాలా చిన్నవాడు అని తానే జవాబు కూడా చెప్పాడు. మీవాడు అడిగిన ప్రశ్న ఈ ప్రశ్నల పక్కన కూర్చోదగినదే. అదే భాస్కరుడు తన గణిత గ్రంథం లీలావతిని గణపతి స్తుతితో మొదలుపెట్టాడు.

అందరూ ఇంత నిర్భయంగా లేరనుకోండి. 628లో బ్రహ్మగుప్తుడు గ్రహణాల లెక్క సరిగ్గా కట్టడం తెలిసి కూడా, రాహువు లేడనేవాళ్లు శ్రుతిస్మృతులకు దూరమైనవాళ్లని మందలించాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత మన దేశం గురించి రాసిన అల్‌బిరూనీ ఆ మాటలు చదివి, ఇంత తెలిసినవాడు మనసుకు విరుద్ధంగా ఇలా ఎందుకు రాశాడని నొచ్చుకున్నాడు. అంటే ఇప్పుడు మీ హాల్లో జరిగిన వాదన మన వాఙ్మయంలో దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల కిందటే నడిచింది. యూరప్‌లో గెలీలియో కూడా 1615లో రాసిన ఒక ఉత్తరంలో, బైబిల్ ఉన్నది స్వర్గానికి వెళ్లే దారి చెప్పడానికే గానీ ఆకాశం ఎలా తిరుగుతుందో చెప్పడానికి కాదని వాదించాడు. 1633లో ఆయనను విచారించి శిక్ష వేశారు. మీవాడి పాఠాల్లో ఈ కథ వస్తుంది. దాంతో పాటు భాస్కరుడి కథ కూడా వాడికి తెలియాలి.

మామగారికి ఇంకా దగ్గరి సాక్ష్యం ఒకటి ఉంది. ఆయన రోజూ సంధ్యావందనమో పూజో చేస్తే సంకల్పం చెప్పుకుంటారు కదా. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే. ఇంతవరకు చోటు. మేరువు, జంబూద్వీపం పురాణం నుంచి వచ్చాయి. శ్రీశైలానికి వాయవ్యం అన్నది మీ వనపర్తికి ఇంచుమించు సరిపోయే దిక్కు. ఆ వెంటనే సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఇదంతా సిద్ధాంత గణితం, అంటే మన పాత ఖగోళ గ్రంథాల లెక్క. సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం పెరిగితే ఒక తిథి. చంద్రుడు ఎక్కడున్నాడో కచ్చితంగా కట్టకపోతే తిథే లేదు.

వారం సంగతి ఇంకా విశేషం. ఆదివారం తర్వాత సోమవారమే ఎందుకు రావాలి? సూర్యసిద్ధాంతం గ్రహాల కక్ష్యలను పై నుంచి కిందికి శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని చెప్పింది. అందరికంటే కింద, మనకు దగ్గరగా చంద్రుడు. ఈ వరసలో ఒక్కో గంటను, అంటే ఒక్కో హోరను, ఒక్కో గ్రహానికి ఇస్తూ పోండి. ఆదివారం మొదటి హోర సూర్యుడిది. ఇరవై నాలుగు హోరలు గడిచాక ఇరవై ఐదోది చంద్రుడికి వస్తుంది, కనుక మర్నాడు సోమవారం. మళ్లీ ఇరవై నాలుగు దాటితే కుజుడు, కనుక మంగళవారం. మీవాడి చేత కాగితం మీద వేయించండి, శనివారం దాకా చక్కగా వస్తుంది. చంద్రుణ్ణి తీసుకెళ్లి సూర్యుడి పైన పెడితే ఈ వరస కుదరదు. అంటే మామగారు ప్రతిరోజూ ఒకే సంకల్పంలో పురాణం చెప్పిన చోటునూ, చంద్రుడు కిందున్నాడన్న గణితం మీద నడిచే కాలాన్నీ కలిపి చెబుతున్నారు. ఆయనకు అందులో ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడూ రానక్కర్లేదు.

మీ వారి విషయం క్లుప్తంగా చెబుతాను, కానీ గట్టిగానే చెబుతాను. ఆ వాట్సాప్ లెక్క మానేయమనండి. యుగమంటే 12,000, దాన్ని వెయ్యితో, మళ్లీ యోజనానికి ఎనిమిది మైళ్లతో హెచ్చిస్తే సూర్యుడి దూరం వస్తుందని అందులో చెబుతారు. యుగం కాలాన్ని కొలిచేది, దూరాన్ని కాదు. యోజనం ఒక్కో గ్రంథంలో ఒక్కో కొలత. కావలసిన జవాబు ముందే చేతిలో పెట్టుకుని, అది వచ్చేదాకా అంకెలు ఏరుకున్న లెక్క అది. పైగా విష్ణుపురాణం సూర్యుడు భూమికి లక్ష యోజనాల పైన ఉన్నాడంటుంది, ఆ లెక్కను ఏం చేస్తారు? తులసీదాసు అక్కడ చెప్పింది బాల హనుమంతుడు అంత దూరాన ఉన్న సూర్యుణ్ణి తీయటి పండనుకుని మింగబోయాడని. ఆ పసితనాన్ని, ఆ బలాన్ని చూసి మురిసిపోవాల్సిన చోట క్యాలిక్యులేటర్ తీస్తే భక్తీ మిగలదు, లెక్కా మిగలదు. మీ వారి ఉద్దేశం మంచిదే. కానీ పిల్లాడు అబద్ధం అన్న మాట ఈసారి నిజంగా ఒక అబద్ధాన్ని పట్టుకుని అన్నాడు. దానివల్ల మామగారి భాగవతం మీద వాడి అనుమానం ఇంకా పెరిగింది.

ఇప్పుడు ఆ ఇద్దర్నీ కలిపే పని. ఇంట్లో పంచాంగం ఉంటుంది కదా, దాన్ని తాతామనవళ్ల మధ్య పెట్టండి. రాహువు, కేతువు ఏ రాశుల్లో ఉన్నారో చూసి రాయమనండి. పాత పంచాంగాలు దాచి ఉంటే ఇంకా మంచిది. ఏ సంవత్సరం తీసినా రాహువు ఉన్న రాశికి సరిగ్గా ఏడో రాశిలో కేతువు ఉంటాడు. మిగతా గ్రహాలు మేషం నుంచి వృషభానికి పోతుంటే, వీళ్లిద్దరూ వృషభం నుంచి మేషానికి, వెనక్కి నడుస్తుంటారు. ఒక్కో రాశిలో సుమారు ఏడాదిన్నర ఉంటారు. ఎందుకని వాణ్ణే ఆలోచించనివ్వండి. చంద్రుడు తిరిగే దారి, సూర్యుడు తిరిగినట్టు కనబడే దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి ఖండించే రెండు బిందువులే రాహుకేతువులు. ఎదురెదురుగా ఉండక తప్పదు. ఆ బిందువులు వెనక్కి జరుగుతూ 18.6 సంవత్సరాల్లో ఒక చుట్టు పూర్తిచేస్తాయి. అమావాస్య నాడో పౌర్ణమి నాడో సూర్యచంద్రులు ఈ బిందువుల దగ్గరికి వస్తేనే గ్రహణం, లేకపోతే లేదు. ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఇది వాడికి తెలిశాక, అష్టమ స్కంధంలో పోతన చెప్పిన కథ మామగారి చేత చెప్పించండి. దేవతల పంక్తిలో కూర్చుని అమృతం తాగిన రాహువును సూర్యచంద్రులు పట్టించడం, విష్ణువు చక్రంతో తల నరకడం. పురాణం రాహువును సూర్యచంద్రులకు శత్రువన్నది, గణితం ఆ శత్రువు ఏ రోజు ఏ ఘడియకు వస్తాడో చెప్పింది. పంచాంగంలో పురాణపు రాహువూ గణితపు రాహువూ ఒకే పేరుతో ఉన్నారు.

మీ ఊరికి ఈ కలయిక కొత్త కాదని కూడా వాడికి తెలియాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా వెళ్లింది. దాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు, ఆకాశాన్ని పరిశీలించే మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నానికి వచ్చారు. ఆ ఏడాది సూర్యకాంతి పరిశీలనల్లో కనబడిన పసుపు గీతే తర్వాత హీలియం అనే మూలకంగా తేలింది. అదే గ్రహణం కోసం మద్రాసు వేధశాల నుంచి ఇంకో బృందం వనపర్తికి వచ్చింది. దానికి నాయకుడు చింతామణి రఘునాథాచారి. పంచాంగాలు కట్టే వైష్ణవ కుటుంబంలో పుట్టినవాడు. వేధశాలలో పనిచేస్తూ, కాంతి పెరిగి తగ్గే ఒక చర నక్షత్రాన్ని 1867లో కనిపెట్టాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు ఆ సంగతి మామూలు జనానికి అర్థమయ్యేలా మన భాషల్లో పుస్తకాలు రాయించాడు. కరణాలనే పాత లెక్కల గ్రంథాలతో కట్టిన పంచాంగాన్ని ఆకాశంలో కనబడేదానితో సరిచూసి దిద్దాలని వాదించి, తానే దృగ్గణిత పంచాంగం తెచ్చాడు. మీవాడు స్కూల్లో ఏదైనా ప్రాజెక్టు చేయాల్సి వస్తే ఈయన మీద చేయమనండి. మామగారు దగ్గరుండి సాయం చేయగల విషయం.

పద్యం దగ్గరికి వస్తే, వామనుడి ఘట్టంలో "రవిబింబం బుపమింప" అనే ఇంకో పద్యం ఉంది. వామనుడు పెరుగుతుంటే సూర్యబింబం మొదట ఆయనకు గొడుగులా ఉంది. తర్వాత తలమీది రత్నం అయింది, చెవికి ఆభరణం అయింది, మెడలో హారం, భుజానికి కేయూరం, చేతికి కంకణం, నడుముకు గంట, కాలికి అందె, చివరికి పాదపీఠం అయింది. సూర్యుడు ఉన్నచోటనే ఉన్నాడు, చూసే కొలత మారింది. ఒకే వస్తువు మీద చూపు నిలిపి మిగతా విశ్వాన్ని పెంచుకుంటూ పోవడం ఎంత గొప్ప ఊహో మీవాడి లాంటి పిల్లాడికి అందరికంటే బాగా అర్థమవుతుంది. మామగారు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఈ పద్యంతో మొదలుపెట్టమని మీరే అడగండి. కోడలు అడిగితే ఆయన కాదనరు.

క్షమాపణ గురించి అడిగారు. చంద్రుడు దగ్గర అన్నందుకు వాడు క్షమాపణ చెప్పక్కర్లేదు, చెప్పించకండి కూడా. తాత చదివే పుస్తకాన్ని పూర్తిగా చూడకుండా మొత్తం అబద్ధమని తేల్చేసినందుకు, పెద్దాయన మాట్లాడుతుండగా ఆ మాట విసిరినందుకు చెప్పాలి. ఈ తేడా మీరు వాడికి విడమరిచి చెబితే వాడే వెళ్తాడు. నలుగురి ముందు నిలబెట్టి చెప్పించకండి. మామగారికి కూడా ఒక మాట చెప్పండి. ఇలాంటి ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు, "ఇది భాస్కరాచార్యులు కూడా అడిగాడురా" అని ఆయన నవ్వుతూ అనగలిగితే సగం గొడవ అక్కడే పోతుంది.

మళ్లీ రావడం మాత్రం ఖాయం. ధ్రువుడి దగ్గర వస్తుంది. కదలని స్థానం అని భాగవతం చెబుతుంది, సప్తర్షులు ఆయన చుట్టూ ప్రదక్షిణ చేస్తారంటుంది, కళ్లంలో రాటకు కట్టిన పశువుల్లా గ్రహాలన్నీ ఆ చుట్టే తిరుగుతాయంటుంది. రాత్రంతా చూస్తే కంటికి కనబడేదీ అదే. కానీ భూమి అక్షం చాలా నెమ్మదిగా, సుమారు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది కనుక, ఇప్పటి ధ్రువ నక్షత్రం ఎప్పుడూ ధ్రువ నక్షత్రం కాదు. 4,700 ఏళ్ల కిందట ఆ స్థానానికి దగ్గరగా థూబన్ అనే వేరే నక్షత్రం ఉండేది. మీవాడు ఇది ఎక్కడో చదివి తాత దగ్గరికి పరుగెత్తుకు రాకముందే, ఇద్దర్నీ ఒక రాత్రి మేడ మీదికి పంపండి. వనపర్తిలో ధ్రువుడు ఉత్తరాన నేలకు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి పడితే ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తు. చెట్లూ ఇళ్లూ అడ్డం లేని వైపు చూసుకోవాలి. స్థానం కదలదు, అందులో కూర్చునే నక్షత్రం మారుతుంది అన్న సంగతి మామగారికి వాడు చెప్పనీయండి. పసివాడు తపస్సు చేసి ఆ స్థానం ఎలా సంపాదించాడో, చతుర్థ స్కంధం నుంచి ఆయన చెబుతారు.